పింఛను, రైతుబంధు డబ్బు పేదింట్లో నిజంగా ఏం చేస్తుంది?

మీరు అడిగింది ఇది: "మా నాన్నకి ఊళ్ళో పన్నెండు ఎకరాలు. పింఛన్లు, రైతుబంధు, ఇంకా ఏవేవో ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేశారు, కూలికి ఎవరూ రావట్లేదు, ఇచ్చిందంతా బెల్టు షాపుకే పోతోంది అంటారు. నేను కాలేజీలో చదివింది వేరేగా ఉంది. నగదు సాయం వల్ల పేద కుటుంబాల్లో అసలేం జరుగుతుంది? రేషన్ కూడా తీసేసి డబ్బే ఇస్తే పోలా?"

నేను మహిళా సంఘాల పని మీద చాలా ఏళ్ళు నడిగడ్డలో తిరిగాను. నడిగడ్డంటే కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ వైపు ఊళ్ళు. కాబట్టి చెప్పేది ఎక్కువగా అక్కడి ఇళ్ళ సంగతే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంత ఇచ్చారన్నదానికంటే ఏ తేదీన ఇచ్చారు, ఎవరి చేతికి ఇచ్చారు, వచ్చే నెల కూడా వస్తుందన్న నమ్మకం ఉందా అన్నవే ఇంటి మీద ఎక్కువ పనిచేస్తాయి. దాంతోపాటు ఆ డబ్బు కోసం ఏ అప్పు కాచుకుని ఉందో కూడా చూడాలి.

తాగుడు సంగతి ముందు తేల్చేద్దాం, ఎక్కడ మాట్లాడినా చర్చ అక్కడే ఆగిపోతుంది కాబట్టి. డేవిడ్ ఎవాన్స్, అనా పొపోవా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేర్వేరు ఖండాల్లో జరిగిన 19 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూశారు. నగదు అందాక మందు, పొగాకు మీద ఖర్చు పెరిగినట్టు తేలలేదు. ఈ మాట చెబితే మా వైపు నవ్వుతారు. పింఛను పడిన రోజు బెల్టు షాపు ముందు నలుగురు కూర్చుంటారు, వాళ్ళు ఊరందరికీ కనబడతారు. అదే రోజు బీపీ గోలీలు కొనుక్కుని ఇంటికి పోయినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు. తాగేవాడు కూలి డబ్బుతో తాగుతాడు, ఇంట్లో గిన్నెలు అమ్మి తాగుతాడు, పింఛను రాని నెలలో అప్పుచేసి తాగుతాడు. అది వేరే జబ్బు, దాని మందు పింఛను ఆపడం కాదు.

ఇక పింఛను దగ్గరికి వద్దాం. నేను చూసిన అన్ని పథకాల్లో పేదింటిని నెలనెలా ఆదుకున్నది ఇదే. ఉమ్మడి రాష్ట్రంలో 200 రూపాయలు ఉండేది. 2014 నవంబరులో తెలంగాణలో ఆసరా పేరుతో 1000 అయింది, 2019లో 2016 రూపాయలు అయింది. 200 ఉన్న రోజుల్లో అది ముసలివాళ్ళ చేతిఖర్చు. వెయ్యి దాటాక ఇంట్లో లెక్కలు మారాయి. కొడుకు కోడలు బొంబాయికో పుణేకో పనికి పోయి పిల్లల్ని అవ్వ దగ్గర వదిలేసే ఇళ్ళు పాలమూరు అంతటా ఉన్నాయి కదా, అలాంటి ఇంట్లో ఆ 2016 రూపాయలే పొయ్యి వెలిగిస్తాయి. కొడుకు పంపేది ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. పింఛను మాత్రం ఆలస్యమైనా వస్తుంది.

దీన్లో బయటివాళ్ళకి తెలియని ఒక సంగతి ఉంది. పింఛను ఉన్న మనిషికి కిరాణా కొట్టులో అప్పు పుడుతుంది. ఊళ్ళో కొట్టు నడిపే ఎవరినైనా అడిగి ఖాతా పుస్తకం చూడండి. ఏ ఆధారమూ లేని ఇంటికి నూనె ప్యాకెట్ అప్పు ఇవ్వాలంటే పదిసార్లు ఆలోచిస్తారు. పింఛనున్న అవ్వ పేరు మీద మాత్రం చాయపత్తా, చక్కెర, కందిపప్పు, సబ్బు అని వరసగా రాసి ఉంటుంది, కింద ఏ నెలకానెల కొట్టేసి ఉంటుంది. చేతికి రాకముందే ఆ డబ్బు నెలంతా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే నెల మొదట్లో రావాల్సిన పింఛను నెలాఖరుకి పడితే నష్టం అవ్వకొక్కదానికే కాదు. కొట్టువాడు పట్నంలో సరుకు తేలేడు, అవ్వకి అప్పు ఆగిపోతుంది, ఆమె గోలీలు మానేస్తుంది. మా అలంపూర్ వాళ్ళకి ఈ తేడా బాగా తెలుసు. తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ 2024 జులై నుంచి 4000, ఒకటో తారీఖునే ఇంటికొచ్చి చేతిలో పెడతారు. ఇవతల ఒడ్డున 2016, ఏ తేదీన పడుతుందో నిజంగా ఎవరూ చెప్పలేరు. వియ్యంకులు కలిసినప్పుడు రూపాయల కంటే ఆ తారీఖు గురించే ఎక్కువ మాట్లాడుకోవడం నేను విన్నాను.

ఇంట్లో మాట చెల్లుబాటు సంగతి కూడా చెప్పాలి. పింఛను వచ్చే అత్తకి కోడలు అన్నం వేడిగా పెడుతుందని మా వైపు ఎగతాళిగా అంటారు. ఎగతాళే గానీ అబద్ధం కాదు. చెడ్డపక్కా ఉంది. ఏటీఎం కార్డు కొడుకు జేబులో ఉండే ఇళ్ళున్నాయి. అప్పిచ్చినవాడే కార్డు, పిన్ నంబరు తాకట్టు పెట్టుకునే ఊళ్ళు కూడా ఉన్నాయి. ఆసరాలో వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కటే కాబట్టి ముసలాయనకి వస్తే ముసలామెకి రాదు, ఆయన ఇచ్చింది తీసుకోవాల్సిందే. మట్టిపని చేసి చేసి వేళ్ళ గీతలు అరిగిపోయినవాళ్ళు వేలిముద్ర పడక మూడుసార్లు తిరిగి, ఆటో కిరాయికే పింఛన్లో కొంత పోగొట్టుకుంటారు.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూడండి. పేరు వద్దు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలి తల్లి. రెండెకరాలు. భర్తకి ఆపరేషనైంది, ఆరోగ్యశ్రీ పోగా రాకపోకలకి, మందులకి, పని పోయిన నెలలకి లక్ష అప్పయింది. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి 2000. తల్లికొచ్చే పింఛను 2016. చూశారుగా, ఆ ఇంటికి సర్కారు ఇచ్చే పింఛను మొత్తం వడ్డీకి పోయి పదహారు రూపాయలు మిగులుతాయి. కాగితం మీద ఆ కుటుంబం సాయం పొందుతున్న కుటుంబం. నిజానికి సాయం పొందుతున్నది అప్పిచ్చిన ఆసామి.

"అయితే పింఛను దండగే కదా" అంటారేమో. కాదు. పింఛను లేకపోతే ఆ వడ్డీ అసలులో కలిసేది, రెండేళ్ళలో ఒక ఎకరం చేతులు మారేది. భూమి నిలబడింది. కానీ ఇల్లు ముందుకు కదల్లేదు. అది కదలాలంటే ఆ లక్షని తక్కువ వడ్డీకి మార్చాలి. ఆ ఇల్లాలు ఉన్న మహిళా సంఘానికి బ్యాంకు లింకేజీ అప్పు, అంటే సంఘం పూచీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు, వచ్చింది, నూటికి రూపాయి లెక్కన. అందులోంచి తీసుకుని ఆసామికి కట్టేసింది. నెల వడ్డీ సగమైంది, ముసలామె చేతికి వెయ్యి రూపాయలు తిరిగొచ్చాయి. పింఛను అదే, మనుషులు వాళ్ళే. మారింది అప్పొక్కటే. అందుకే నగదు సాయం మీద ఎవరు సర్వే చేసినా ముందు అప్పుల పట్టిక రాయమంటాను. అది లేకుండా ఖర్చుల పట్టిక రాస్తే "ఆహారానికి ఇంత, చదువుకి ఇంత" అని అందంగా వస్తుంది, అసలు సంగతి బయటపడదు.

రైతుబంధు కథ వేరు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలుపెట్టారు. మొదట సీజనుకి ఎకరానికి 4000, చెక్కుల రూపంలో ఊళ్ళోనే పంచారు. తర్వాత 5000 చేసి నేరుగా ఖాతాల్లో వేశారు. 2025 జనవరిలో పేరు రైతు భరోసా అయి 6000 అయింది, ఊళ్ళో ఇంకా పాత పేరే వాడతారు కాబట్టి నేనూ అదే అంటాను. ఆలోచన మంచిదే. విత్తనానికి, ఎరువుకి డబ్బు కావాల్సిన రోజున షావుకారి గుమ్మం ఎక్కే పని తప్పించాలి. సమయానికి పడిన సీజన్లలో ఆ పని జరిగింది కూడా. యూరియా, డీఏపీ నగదుకి కొంటే ఒక ధర, "పంటకి ఇస్తాలే" అంటే ఇంకో ధర. ఆ తేడా చిన్న రైతుకి మిగిలింది. ఎరువుల దుకాణంలో నగదు పెట్టినవాడికి ఏ మందు కావాలో అడిగి ఇస్తారు. అప్పు పెట్టినవాడికి దుకాణంలో ఏది పోవాలో అదే ఇస్తారు.

మా గద్వాల వైపు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ సీడ్ పత్తి, అంటే కంపెనీల కోసం విత్తనానికి పండించే పత్తి, ఉంది. కంపెనీకి, రైతుకి నడుమ ఆర్గనైజరు ఉంటాడు. విత్తనం ఆయనే ఇస్తాడు, అడ్వాన్సు ఆయనే ఇస్తాడు, మందులు ఆయన చెప్పిన దుకాణంలోనే. పంట ఆయనకే ఇవ్వాలి. విత్తనం నాణ్యత పరీక్ష ఫలితం వచ్చి లెక్క తేలడానికి నెలలు పడుతుంది, ఆ నెలలకీ వడ్డీ నడుస్తుంది. పత్తి పూతకొచ్చినప్పుడు పొద్దున్నే ఒక్కో పువ్వునీ చేత్తో క్రాసింగ్ చేయాలి. కూలీలకి ఇవ్వడానికి ఆ రోజు డబ్బు లేకపోతే ఇంట్లో ఆడపిల్ల బడి మానుతుంది. జూన్‌లో రెండెకరాలకి పదివేలు చేతిలో పడితే ఆర్గనైజరు దగ్గర తీసుకునే అడ్వాన్సు అంత తగ్గుతుంది. ఆ డబ్బు ఆగస్టులో పడితే అప్పటికే అడ్వాన్సు తీసుకోవడం అయిపోయింది, పడిన డబ్బు పాత బాకీలకి పోతుంది. అదే పదివేలు, రెండు నెలల తేడా. 2024 వానాకాలం విడత అసలు పడనే లేదు. ఆ ఏడు చాలామంది మళ్ళీ పాత గుమ్మాలకే వెళ్ళారు, మళ్ళీ పాత వడ్డీకే. ఖాయంగా వస్తుందనుకున్న డబ్బు ఒక్కసారి తప్పితే రైతు ఇక దాన్ని నమ్మి ప్లాన్ వేసుకోడు.

రైతుబంధులో అసలు లోపం పట్టా. భూమి ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళకి. సాగు చేసే కౌలురైతుకి ఏమీ రాదు, కౌలు మాత్రం పూర్తిగా కట్టాలి. రైతుబంధు వస్తోంది కదా అని కౌలు తగ్గించిన యజమానిని నేను చూడలేదు. ఆంధ్రలో కౌలురైతులకి సాగు హక్కు కార్డు పెట్టి కొందరికైనా ఇచ్చారు. కానీ కార్డు మీద సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానులు భయపడ్డారు, అదొక తంటా. ఇంకోటి, మీకు కష్టంగా అనిపించినా చెప్తాను. సీజనుకి ఎకరానికి 5000 చొప్పున, రెండు సీజన్లకి కలిపి మీ నాన్నగారి పన్నెండు ఎకరాలకి ఏడాదికి 1,20,000 వచ్చింది. ఆయన పొలంలో పనిచేసే భూమిలేని కూలికి ఆ పథకంలో సున్నా. 2025 జనవరి 26న ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12,000 ప్రకటించారు, అది కూడా ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసిన కుటుంబాలకే. సోమరితనం గురించి మాట్లాడేటప్పుడు ఎవరికి ఎంత వచ్చిందో ఒకసారి పక్కపక్కన రాసుకోవడం న్యాయం. ఆయన్ని తప్పుపట్టడం లేదు, పథకం అలా రాశారు.

ఇప్పుడు కూలీలు దొరకట్లేదన్న మాట. 2016 రూపాయల పింఛనుని ముప్పైతో భాగిస్తే రోజుకి 67 రూపాయలు. అది చూసుకుని పని మానేసేవాళ్ళు లేరు. పైగా ఆ పింఛను వచ్చేది ఎక్కువగా ముసలివాళ్ళకి, వితంతువులకి. అయితే మీ నాన్నగారు చూస్తున్నది కల్పన కాదు. కూలి మనిషికి ఇప్పుడు "రాను" అనే ధైర్యం కాస్త వచ్చింది. పూర్వం ఆసామి దగ్గర బాకీ ఉన్నవాడు పిలిచిన రోజు, పిలిచిన రేటుకి పోవాల్సిందే. ఇంట్లో వారానికి సరిపడా బియ్యం, చేతిలో ఐదొందలు ఉన్నవాడు పక్క ఊళ్ళో యాభై ఎక్కువ ఇస్తే అటు పోతాడు. అవతలివాళ్ళకి ఇది సోమరితనంలా కనబడుతుంది.

దీనికి మన దగ్గరే గట్టి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 తర్వాత ఉపాధి హామీ కూలిని, పింఛన్లని వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, లాటరీ తీసినట్టుగా కొన్నిచోట్ల ముందు, కొన్నిచోట్ల వెనక అమలుచేయించి పోల్చారు. డబ్బు త్వరగా చేరింది, నడుమ మింగేది తగ్గింది. అంతకన్నా పెద్ద సంగతి తర్వాత తేలింది. పేద కుటుంబాల ఆదాయం పెరిగింది, ఆ పెరుగుదలలో సింహభాగం ఉపాధి హామీ నుంచి రాలేదు, బయటి కూలిరేట్లు పెరగడం వల్ల వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే డబ్బు సరిగ్గా అందితే ఊళ్ళో రైతు కూడా రేటు పెంచక తప్పలేదన్నమాట. ఇందులో చిన్న రైతుకి నొప్పి ఉంది, అది కాదనను. మూడెకరాల రైతుకి కలుపుకూలి పెరిగితే పత్తి ధర ఎవరూ పెంచరు. కానీ దానికి మందు పత్తి ధర దగ్గర వెతకాలి, కూలి మనిషి పింఛనులో కాదు.

వలస పోయేవాళ్ళలో కూడా ఇదే చూశాను. గుంపు మేస్త్రి దసరాకి ముందు అడ్వాన్సు పంచుతాడు. ఆ రోజు ఇంట్లో ఎంత అవసరముంటే అంత తక్కువ రేటుకి ఒప్పుకుంటారు. అదే సమయానికి ఏదో ఒక డబ్బు చేతిలో ఉన్న ఇల్లు పది రోజులు ఆగి, ఇంకో మేస్త్రిని అడిగి పోతుంది.

ప్రతి మనిషికీ, ఏ షరతూ లేకుండా, నెలనెలా ఇస్తే ఏమవుతుందో మధ్యప్రదేశ్‌లో చూశారు. ఇండోర్ జిల్లాలో 'సేవా' అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ సాయంతో 2011, 2012ల్లో ఎనిమిది ఊళ్ళలో అందరికీ ఇచ్చింది. పెద్దవాళ్ళకి నెలకి 200, పిల్లలకి 100, ఏడాది తర్వాత 300, 150. ఒక గిరిజన గ్రామంలో కూడా చేశారు. ఆ పరిశోధన చేసినవాళ్ళలో గై స్టాండింగ్, రెనానా ఝాబ్‌వాలాతో పాటు మన హైదరాబాద్ మనిషి శరత్ దావల ఉన్నారు. పిల్లల తిండి, బరువు మెరుగుపడ్డాయి, బడికి పోవడం పెరిగింది, కొందరు పశువులు, గొర్రెలు కొన్నారు, అప్పుకింద జీతం ఉండేవాళ్ళు కొందరు బయటపడ్డారు. మనుషులు పని మానలేదు, పరుల చేలో కూలి తగ్గించుకుని సొంత చేలో పని పెంచారు. మొదటి ఏడాది ఐదుగురున్న ఇంటికి నెలకి వెయ్యి కూడా రాని మొత్తమది. ప్రతి నెలా ఖాయంగా రావడం వల్లే పనిచేసింది.

ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తే నడక వేరేగా ఉంటుంది. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ సియాయా ప్రాంతంలో పదివేలకు పైగా ఇళ్ళకి తలా సుమారు 1000 డాలర్లు ఇచ్చింది. తీసుకున్నవాళ్ళే కాదు, తీసుకోని ఇరుగుపొరుగు కూడా బాగుపడ్డారు, ధరలు దాదాపు పెరగలేదు. ఊళ్ళో ఖర్చు పెట్టిన డబ్బు ఊళ్ళోనే తిరిగింది. మన రైతుబంధు డబ్బు అలా తిరగదు. అది నేరుగా ఎరువుల దుకాణానికి, అక్కడినుంచి పట్నంలో డీలరుకి పోతుంది. పింఛను డబ్బు మాత్రం ఊళ్ళో కొట్టులో, పాలమ్మే ఇంట్లో, కూరగాయల గంపలో కనబడుతుంది. పెద్ద మొత్తంతో మా వైపు ఇంకో ప్రమాదం బోరు. యాభైవేలు చేతికొచ్చిన రైతుకి మొదట కనబడేది నీళ్ళే. దానికి ఇంకో యాభై అప్పు కలిపి బోరు దింపుతాడు. నీళ్ళు పడితే సరే, దుమ్ము లేస్తే రెండూ పోయాయి. ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను కాబట్టి చిన్న మొత్తాలు నెలనెలా రావడమే పేదింటికి మేలని నా పక్షపాతం.

తల్లుల ఖాతాలో వేసే డబ్బు గురించి ఒక్క మాట. ఆంధ్రలో 2020 జనవరిలో ఏడాదికి 15,000తో అమ్మ ఒడి మొదలైంది, 2025లో దాని చోట తల్లికి వందనం వచ్చింది. తల్లి పేరున రావడం మంచి పని, ఇంట్లో ఖర్చు ఎటు పోవాలో ఆమె మాట కలుస్తుంది. కానీ పిల్లవాడు ప్రైవేటు బడిలో ఉంటే డబ్బు పడిన వారంలోనే ఫీజు బాకీ నోటీసు వస్తుంది. ఆ ఇంట్లో సాయం అందుకున్నది బడి యాజమాన్యం.

చివరగా రేషన్ బదులు నగదు. నేను ఒప్పుకోను. 2015 సెప్టెంబరులో పుదుచ్చేరి, చండీగఢ్‌లలో, ఆ తర్వాత దాద్రా నగర్ హవేలీలో బియ్యం గోధుమల బదులు డబ్బు వేశారు. మొదట్లో చాలామందికి డబ్బు పడిందో లేదో కూడా తెలియలేదు, పడిన డబ్బు బయట అదే సరుకు కొనడానికి చాలలేదు. బియ్యం ధర పెరిగితే బియ్యంతో ఇబ్బంది లేదు, మనిషికి ఆరు కిలోలంటే ఆరు కిలోలే. డబ్బు సంగతి అలా కాదు, దాన్ని పెంచడానికి ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. 2019లో 2016 రూపాయలైన పింఛను ఆ తర్వాత ఏళ్ళ తరబడి కదల్లేదు, ఈలోగా నూనె, పప్పు, గోలీలు అన్నీ పెరిగాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ షాపులో సన్నబియ్యం ఇస్తున్నారు. అది వచ్చాక మా ఊళ్ళలో ఆడవాళ్ళని ఎవరినైనా అడగండి, ఈ బియ్యం తీసేసి డబ్బిస్తామంటే ఏమంటారో. నన్నడిగితే బియ్యం ఉండాలి, దానిపైన పింఛను ఉండాలి. ఏటా ధరలతో పాటు పింఛనూ పెరగాలి, ఒకటో తారీఖున పడాలి, ఎవరి పేరున ఉంటే వాళ్ళ చేతికే రావాలి. కార్డు ఎవరి జేబులో ఉందో గ్రామ సంఘం ఆరునెలలకోసారి అడిగి చూసినా చాలు, సగం మోసాలు ఆగుతాయి.